నలభై మొహాల్లో ఒకటి

గ్యాలరీ గోడ మీది ఫోటోలో, వానలో బస్టాపు దగ్గర నిలబడి ఉన్నది నెమలి అని గుర్తుపట్టగానే చూపరి అడుగు ఆగిపోయింది.

నెమలి ఫోటో ఈ భూమ్మీద ఎక్కడా ఉండకూడదు. విదేశీ ముఠాకు నమ్మకంగా ఈ గ్యాలరీ నడుపుతూ, ముఠా గుట్టంతా మన నిఘా డిపార్ట్‌మెంట్‌కు చేరవేస్తున్న డబుల్ ఏజెంట్ ఆమె. నెమలి ఆమె రహస్య పేరు. చూపరి ఆమెకు కాంటాక్ట్. బయటి ప్రపంచానికి అతను ఎగ్జిబిషన్లు చూసి పేపర్లో సమీక్షలు రాసే విమర్శకుడు. ‘చూపరి’ అన్నది అతని కాలమ్ పేరు.

పట్టుచీర సవరించుకుంటూ నెమలి పక్కకొచ్చి నిలబడింది.

"మేడమ్, ఈ ఫ్రేము కాస్త వంకరగా ఉంది," అన్నాడు. వెంటనే పారిపొమ్మని దాని అర్థం.

"ఫ్రేము బాగానే ఉందండీ. మీ మెడే వంకర పోయినట్టుంది." నవ్వు చెదరకుండా గొంతు తగ్గించింది. "పొద్దున నేనొచ్చేసరికే తగిలించేశారు. రేపు వాళ్ళ నాయకుడు వస్తున్నాడు. వాడి మొహం చూడందే కదలను."

"రేపటిదాకా నిన్ను ఉండనివ్వరు."

"అది చూసుకోవడానికి నువ్వున్నావుగా."

ఆమె వెళ్ళిపోయింది. అతని కళ్ళజోడు కాడలోని రిసీవర్ గరగరలాడింది. చీఫ్, అందరూ పెద్దాయన అనే మనిషి.

"విన్నాను. మన వాళ్ళు ముగ్గురూ ఇలాగే పోయారు. మొహం గ్యాలరీ గోడకెక్కింది, నీ సమీక్ష అచ్చయిన రోజే మనిషి పోయాడు. గోడ మీద నలభై మొహాలుంటే, ఏ మొహమో హంతకుడికి చెబుతున్నది నీ రాతే."

"నా రాతలో వాళ్ళ ఊసే లేదు సార్."

"సాయంత్రం పేజీ ప్రెస్సుకు వెళ్ళేలోపు నిరూపించు. లేదంటే నెమలి దక్కదు. నీ ఇంటికి మనవాళ్ళే వస్తారు."

చూపరి ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో మూలన కూలబడ్డాడు. సమీక్ష రాశాడు. మనిషి జాడే లేని ఒక ఖాళీ వంతెన ఫోటోను ఆకాశానికెత్తి, నెమలి ఫోటోను మాట మాత్రంగానైనా తలవకుండా పేపరు ఆఫీసుకు పంపించేశాడు. ఇక ఎవరికీ ముప్పు లేదు. కానీ తన తప్పు లేదని నిరూపించాలి.

బ్యాగులోంచి పాత సమీక్షల కటింగులు తీసి బల్ల మీద పరిచాడు. ప్రతి మాటా తిప్పి తిప్పి చదివాడు. సంకేతం లేదు, వంకర లేదు. తలపట్టుకున్నాడు.

ఒక కటింగు అంచున ఏదో నల్లగా కనిపించింది. కత్తెర సరిగ్గా తెగక మిగిలిన ఫోటో ముక్క. ఒక మోచెయ్యి, కోటుకు తోలు మాసిక. ఆ మాసిక అతనికి తెలుసు. చనిపోయిన ముగ్గురు ఏజెంట్లలో, గడియారాలవాడు అని పిలిచేవాడిది.

ఆ సమీక్షలో తను పొగిడింది ఒక గుర్రం ఫోటోను.

పేపరు వచ్చిన ప్రతిసారీ అతను తన అక్షరాలే చూసుకున్నాడు. తప్పులు పడ్డాయా, వాక్యాలు కోశారా అని వెతికి, పక్కనున్న ఫోటోను కత్తిరించి పారేసి, తన రాతను మాత్రం దాచుకున్నాడు. ఫోటో ఎంచేది రాసేవాడు కాదు. పేజీ పెట్టేవాడు.

రోడ్డు మీద ట్రాఫిక్ కదలడం లేదు. టాక్సీ దిగి పరుగెత్తాడు. ఆఫీసు లిఫ్ట్ పైనెక్కడో ఇరుక్కుంది. మెట్లెక్కేసరికి ఊపిరి అందలేదు.

ఆఫీసంతా బాబాయ్ అని పిలుచుకునే పేజీ ఎడిటర్ ఒక్కడే ఉన్నాడు. తెరమీద రేపటి పేజీ. చూపరి సమీక్ష పక్కన, నాలుగు కాలమ్‌ల వెడల్పున, నెమలి మొహం. బాబాయ్ వేలు సెండ్ బటన్ మీద ఉంది.

"ఆగు బాబాయ్."

"ఏమోయ్, ఆ ఆయాసమేంటి? కూర్చో, ఇది పంపించేసి టీ చెబుతా."

చూపరి ఎగిరి గోడలోంచి వైరు పీకేశాడు. తెర నల్లబడింది. రెండో చేతిలో పిస్టల్ ఉంది.

"నేను పొగిడింది వంతెనను, బాబాయ్."

బాబాయ్ ఆ పిస్టల్ వంక, గరగరలాడుతున్న చూపరి కళ్ళజోడు వంక చూశాడు. అవతల ఎవరో వింటున్నారని అర్థమైనట్టుంది. కుర్చీలో వెనక్కి వాలాడు.

"నేనేనోయ్. ముఠావాళ్ళు మొహాన్ని గోడకెక్కించి ఏ ఫోటోనో చెబితే నేను పేజీలోకి దించేవాణ్ణి. హంతకుడు పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు చూసుకునేవాడు. ఒకరినొకరు కలిసేది లేదు, చేతులు మారేదేమీ లేదు. మొదటిసారి ఎందుకో తెలీకుండా వేశాను. రెండోసారి తెలిసే వేశాను. మూడోసారి, మొహం స్పష్టంగా పడాలని, కాస్త పెద్దది చేసి వేశాను. భయమల్లా నీతోనే. ‘నేను గుర్రాన్ని పొగిడితే నువ్వు మనిషిని వేశావేంటి బాబాయ్’ అని నువ్వు ఒక్కమాట అడిగితే చాలు, నా పని అయిపోయేది. బొమ్మల మీద రాసేవాడివి, పక్కన ఏ బొమ్మ పడిందో ఒక్కసారీ చూడలేదు." కళ్ళు తుడుచుకున్నాడు. "అయినా నువ్వు మనసు కష్టపెట్టుకోకు. నీ సమీక్ష నేనూ ఒక్కటి చదివితే ఒట్టు."