ఎడంవైపు తీగ

ఆదివారం ఉదయం టీ గ్లాసులు పట్టుకుని ముందుగదిలోకి వచ్చిన గడియారాలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. నాన్న రికార్డు ప్లేయరు మూత తీసి ఉంది. దాని మీదికి ముక్కు ఆనేంత వంగి కూర్చుంది మరదలు. ఆమె చేతిలో ఉన్నది తన ట్వీజరు.

"వదినా, మీ ట్వీజరు తీసుకున్నాను. ఏమనుకోకండి, నా దాని మొన అరిగిపోయింది," అంది మరదలు తల ఎత్తకుండానే.

"తీసుకున్నాక ఇంక అనుకోవడానికేముందిలే."

నలభై రెండేళ్ల గడియారాలమ్మకు ఆ పేరు పెట్టింది బజారు వీధి. పెళ్లి వద్దనుకుని, గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు పెట్టుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని పదిహేడేళ్లుగా అక్కడే కూర్చుంటోంది. ఇంట్లో మాత్రం ఆమె పెద్దమ్మాయి. ఆదివారం వచ్చిందంటే రికార్డు ప్లేయరు సూది శుభ్రం చేయడం, బెల్టు చూడడం ఆమె పని. "పెద్దమ్మాయ్, ఓసారి సూది సంగతి చూడు" అని నాన్న పిలవని ఆదివారం లేదు. ఎనిమిది నెలల కిందట తమ్ముడు పెళ్లి చేసుకున్నాడు. ఆ పిల్ల రికార్డింగు స్టూడియోలో పనిచేస్తుంది. ఆ తర్వాత ఓ రెండు నెలలకి నాన్న పిలుపు తగ్గింది, తగ్గి తగ్గి ఆగిపోయింది.

"చూశావా పెద్దమ్మాయ్, కోడలు వెండి తీగలు తెచ్చింది," అన్నాడు నాన్న ఉత్సాహంగా. "ఆ పాత రాగి తీగలు నల్లబడిపోయాయి. ఆర్నెల్ల నుంచి ఎడంవైపు పాట నీరసంగా వస్తోంది. అంతా వాటి మహిమే."

"ఆర్నెల్ల నుంచా? నాకు చెప్పలేదేం?"

ఆయన టీ గుటకేసి కిటికీ వైపు చూశాడు. "చెప్పలేదూ? చెప్పాననుకున్నానే. అయినా వారమంతా ఆ గడియారాల్లో కళ్లు పోగొట్టుకుంటావు. ఆదివారమైనా నీకు విశ్రాంతి ఉండొద్దూ?"

కూరగాయలు తరుగుతున్న అమ్మ నవ్వింది. "ఇన్నాళ్లూ లేని జాలి ఇవాళ పుట్టుకొచ్చిందే మీ నాన్నకి!"

గడియారాలమ్మ నవ్వలేదు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అనలేదు పెద్దలు. ముప్ఫై ఏళ్లు రేడియోలు బాగుచేసిన నాన్న పక్కన స్టూలు వేసుకుని పనంతా నేర్చుకున్నది తను. ఎనిమిది నెలల ముందు వచ్చిన పిల్ల ఇప్పుడు అదే స్టూలు మీద కూర్చుని, తన ట్వీజరుతో, తన నాన్న ప్లేయరు విప్పుతోంది. ఆయనేమో చిన్నపిల్లాడిలా పక్కన నిలబడి చూస్తున్నాడు.

పనితనం బాగాలేకపోతే కొంత ఊరటగా ఉండేది. అదీ లేదు. కార్ట్రిడ్జ్ అంటే వేలిగోరంత డబ్బా. కింద సూది, వెనక నాలుగు పిన్నులు, వాటికి దారాల్లాంటి నాలుగు తీగలు. తెలుపు, నీలం ఎడంవైపుకి. ఎరుపు, ఆకుపచ్చ కుడివైపుకి. మరదలు ఒక్కొక్క తీగనీ పిన్నుకి తొడుగుతున్నప్పుడు చెయ్యి వణకలేదు. బలవంతం చేయలేదు. ఆ నేర్పు చూడలేక గడియారాలమ్మ మొహం తిప్పుకుంది.

"అయిపోయింది మావయ్యా!" అని మరదలు లేచేసరికి స్టూడియో నుంచి ఫోను వచ్చింది. మాట్లాడుతూ బాల్కనీలోకి వెళ్లింది. మంచి రికార్డు ఏరి తెస్తానని నాన్న లోపలి గదిలోకి నడిచాడు. అమ్మ తరిగిన కూరలు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.

గదిలో ఎవరూ లేరు. గడియారాలమ్మకి తర్వాత ఎంత ఆలోచించినా, తను లేచి ప్లేయరు దగ్గరికి ఎప్పుడు వెళ్లిందో గుర్తురాలేదు. బల్ల మీది ట్వీజరు తీసింది. తెల్ల తీగ కొసని పట్టుకుని పిన్ను మీద నుంచి ఒక్క వెంట్రుకవాసి వెనక్కి లాగింది. చూసేవాళ్లకి తగిలించినట్టే ఉంటుంది. ఎడంవైపు మాత్రం పాట రాదు. నాన్న విని మొహం చిట్లిస్తాడు. "ఇదేమిటమ్మా, ఉన్నది కూడా పోయింది" అంటాడు. అప్పుడు "పెద్దమ్మాయ్, నువ్వు చూడు" అని పిలుస్తాడు. ఆమెకి కావలసింది ఆ ఒక్క పిలుపు.

నాన్న రికార్డు పెట్టి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. కొన్నాళ్లుగా స్పీకర్లు మానేసి వాటితోనే వింటున్నాడు. మరదలు చేతులు కట్టుకుని నిలబడింది. తమ్ముడు కూడా నిద్ర లేచి, జుట్టు రేగిపోయి, గోడకి చేరబడ్డాడు. సూది దిగింది. గడియారాలమ్మ ఆయన మొహమే చూస్తోంది.

నాన్న కళ్లు మూసుకున్నాడు. అర నిమిషం గడిచింది. పెదాలు విచ్చుకున్నాయి.

"ఆహా! ఏం చెప్పను తల్లీ! ఎడంవైపు గంటలు మోగినట్టుంది. ఆర్నెల్ల దరిద్రం ఒక్క దెబ్బతో వదిలిపోయింది!"

గడియారాలమ్మకి తన చెవుల మీద నమ్మకం పోయింది. తీగ లాగింది తనే. అక్కడ పలకడానికి ఏమీ లేదు.

"నన్నూ విననివ్వండి మావయ్యా," అంది మరదలు. ఆయన కాస్త తటపటాయించి హెడ్‌ఫోన్లు ఇచ్చాడు. ఆమె తగిలించుకుంది. రెండు క్షణాల్లో నవ్వు మాయమైంది. సూది వైపు చూసింది. ఆయన మొహంలోకి చూసింది. ఇంకాసేపు అలాగే ఉండి, నెమ్మదిగా తీసి ఇచ్చేసింది.

"అవును మావయ్యా. బాగుంది."

దాంతో గడియారాలమ్మలో ఇన్నాళ్లూ కుతకుతలాడుతున్నది పొంగిపోయింది.

"ఎంత నాటకం! ఎంత నాటకం నాన్నా! ఎడంవైపు చచ్చిపోయి ఉంది. ఒక్క ముక్క రావడం లేదు. కోడలు చేసిందంటే చాలు, మీకు అదే గంటలు మోగినట్టు! నేను వెయ్యి మంచి పనులు చేస్తే ఒక్కదానికైనా ఆహా అన్నారా? ఆవిడగారు కూడా బాగుందట! ఇద్దరికిద్దరూ!"

"అక్కా, ఎందుకలా అరుస్తావు? రావడం లేదని నీకెలా తెలుసు?" అన్నాడు తమ్ముడు.

"ఎలాగేమిటి? తీగ లాగింది నేనే కాబట్టి! పిలుస్తారేమోనని లాగాను. ఈ ఇంట్లో నా బతుకు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది!"

వంటింటి గుమ్మంలో అమ్మ గరిటెతో నిలబడిపోయింది.  నాన్న మెడలోకి జారిన హెడ్‌ఫోన్లని రెండు చేతులతో పట్టుకున్నాడు. మొహంలో కోపం లేదు. దొరికిపోయినవాడి భయం ఉంది.

"ఎడంవైపు... అసలు రావడమే లేదా?" అని అడిగాడు చాలా నెమ్మదిగా.

అప్పుడు అర్థమైంది ఆమెకి, ఆయన ఎడమ చెవికి వినబడడమే లేదని. తను ఏం లాగిందో, ఏం బయట పెట్టిందో, చివర ఏ మాట అందో వరసగా ఒకదాని మీద ఒకటి వచ్చి గుండె మీద పడ్డాయి. అక్కడే స్టూలు మీద కూలబడింది.

"ఎన్నాళ్ల నుంచి నాన్నా?"

ఆయన హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

"నాక్కూడా తెలియలేదే!" అంది అమ్మ కళ్లు తుడుచుకుంటూ. "పిలిస్తే పలకడం లేదని తిట్టుకున్నాను. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన నా మాట విన్నది ఎప్పుడు గనక, ఇప్పుడు తేడా తెలియడానికి?" నవ్వబోయింది గాని ఏడుపే వచ్చింది.

మరదలు వచ్చి గడియారాలమ్మ పక్కన నేల మీద కూర్చుంది.

"తగిలించుకోగానే తెలిసిపోయింది వదినా. ఆయన మొహం చూశాక చెప్పడానికి నోరు రాలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు అడుగుదామనుకున్నాను."

"నువ్వు దాచావు. నేను నలుగురిలో పెట్టి రచ్చ చేశాను," అంది గడియారాలమ్మ. "నీ పనికి చెడ్డపేరు తేవాలని చూశాను. ఓర్వలేక చేశాను. ఇంకే కారణం లేదు."

"నాకూ ఓర్వలేనితనం లేదనుకున్నారా?" అంది మరదలు. "మావయ్య పని చెప్పేది నాకే. కానీ చేసినంతసేపూ 'పెద్దమ్మాయి అయితే ఇలా పట్టుకుంటుంది, పెద్దమ్మాయి అయితే అలా తిప్పుతుంది' అంటూనే ఉంటారు. వినలేక చచ్చిపోతున్నాను."

మధ్యాహ్నం గడియారాలమ్మ డాబా మీద బట్టలు తీస్తుంటే నాన్న మెట్లెక్కి వచ్చాడు. ఆమె కుడివైపుకి వచ్చి నిలబడబోయి, ఆగి ఎడంవైపుకి మారాడు. ఇప్పుడు ఆయన కుడి చెవి ఆమె వైపు ఉంది. ఇన్నాళ్లుగా ఆయన ఇలా చోటు మారుతూనే ఉన్నాడని, తను చూసి కూడా పట్టించుకోలేదని ఆమెకి తట్టింది.

"చిన్నప్పుడు నీకు వినడం నేర్పింది నేనే కదమ్మా," అన్నాడు. "గడియారం చెవి దగ్గర పెట్టి, ఎక్కడ తడబడుతోందో చెప్పమనేవాణ్ణి. అలాంటివాడికి చెవి పోతోందంటే ఏ మొహం పెట్టుకుని చెప్పను? తీగ లోపమే అయితే బాగుండునని ఆశపడ్డాను. కోడలు కొత్తది, నేను చెప్పింది నమ్మేస్తుంది. నీ చేతికిస్తే పది నిమిషాల్లో పట్టేస్తావు, తీగ నిక్షేపంగా ఉంది నాన్నా అంటావు. ఆ మాటే వినదలచుకోలేదు. అందుకే నీకివ్వలేదు."

"నా మీద నమ్మకం లేకనుకున్నాను."

"ఉండబట్టేనే పిచ్చిదానా."

ఆమె ఆరిన దుప్పటిలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన తల నిమురుతూ ఉండిపోయాడు.

"రేపు కొట్టు తెరవను. డాక్టరు దగ్గరికి వెళ్దాం," అంది తేరుకున్నాక.

"నువ్వూ కోడలూ ఇద్దరూ రండి. ఒక్కదానివే వస్తే నా తరఫున మాట్లాడేవాళ్లుండరు," అన్నాడాయన.

సోమవారం డాక్టరు రకరకాల శబ్దాలు వినిపించి చూశాడు. నరం దెబ్బతింది, మొదట్లోనే వచ్చి ఉంటే కొంతైనా మిగిలేదేమో, ఇప్పుడు ఎడమ చెవికి తిరిగి రాదు అన్నాడు. కుడి చెవి బాగుంది, ఇక నుంచి ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోమన్నాడు.  ఇంటికొచ్చాక నాన్న రికార్డులన్నీ పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. "సగం పాట వినడమెందుకు? ఎవరికైనా ఇచ్చేద్దాం," అన్నాడు.

వదినా మరదళ్లు మొహామొహాలు చూసుకున్నారు. మర్నాడు సాయంత్రం మరదలు స్టూడియో నుంచి తిన్నగా గడియారాల కొట్టుకి వచ్చింది. కాగితం మీద బొమ్మ గీసింది. ప్లేయరుకీ, శబ్దం పెంచే యాంప్లిఫయరుకీ మధ్య ఒక చిన్న డబ్బా. అందులో ఎడమ, కుడి తీగలు కలిసిపోయి, పాటంతా రెండు వైపులకీ వెళ్తుంది. అప్పుడు ఒక్క చెవి చాలు. మిగతావాళ్లు వినేటప్పుడు మళ్లీ మామూలుగా రావడానికి ఒక స్విచ్చు.

"గీయడం నాకొచ్చు వదినా. ఇంత చిన్న డబ్బాలో అతకడం నా వల్ల కాదు."

"నువ్వు తీగ పట్టుకో, కదపకు," అంది గడియారాలమ్మ భూతద్దం తగిలించుకుంటూ. ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా వంగి ఇద్దరూ పనిచేశారు. ఒకసారి తీగలు అతికే సాల్డరింగు కడ్డీ వేడి కొస మరదలి వేలికి చురుక్కుమని తగిలింది. గడియారాలమ్మ ఆ వేలు లాక్కుని ఊదింది.

ఇంటికి వెళ్లి డబ్బా తగిలించి, వద్దు వద్దంటున్న నాన్నని కుర్చీలో కూర్చోబెట్టారు. సర్దిన పెట్టెలోంచి అమ్మే ఒక రికార్డు తీసిచ్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆయన ముభావంగా తల వంచుకున్నాడు. కాసేపటికి ఉలిక్కిపడ్డాడు.

"వయొలిన్! ఇందులో వయొలిన్ ఉంది!" అన్నాడు. "ఎడంవైపుండేది. పోయిందనుకున్నాను. ఇదుగో, వస్తోంది... ఇదుగో..."

కన్నీళ్లు గడ్డం మీదికి జారుతున్నా తుడుచుకోలేదు. చెయ్యి చాచాడు. ఎవరి కోసమో తెలియక గడియారాలమ్మ ఒక్క అడుగు వెనక్కి వేసి, మరదల్ని ముందుకి తోసింది. మరదలు కదలకుండా ఆమె చెయ్యి పట్టుకుని తనతో పాటు ముందుకి లాగింది.