పైకప్పు లేని కోట

"కూలిపోయిన గోడ ముందు నిలబెట్టి తీయడమేంటే? గుడివాడ పెళ్లివారు ఫోటో చూసి ఇది మన ఇల్లే అనుకుంటారు!" అంది అమలమ్మ.

"అది ఇల్లు కాదమ్మా, స్టూడియో కర్టెన్. దానిమీద కోట బొమ్మ" అంది హన్నా.

"కోటకు పైకప్పు ఉండదుటే?"

"పాడుబడ్డ కోటమ్మా."

"పెళ్లికూతురి వెనకాల పాడుబడ్డవెందుకు? బాగు చేయించి మళ్లీ తీయించుకో. రేపు పోస్టు చేయాలి."

తండ్రి శౌరయ్య పేపరు దించకుండానే, "అమ్మ చెప్పినట్టు చెయ్యి తల్లీ" అన్నాడు.

హన్నా గవర్నర్‌పేట స్టూడియోకి చేరేసరికి వాన పట్టుకుంది. కర్టెన్ల మీద బొమ్మలు వేసే జాన్‌బాబు స్టూలెక్కి చంద్రుడికి తెల్లరంగు దిద్దుతున్నాడు. మొన్న ఫోటో తీసేటప్పుడు లైటు పట్టుకుని, గడ్డం కాస్త పైకెత్తమని ఆమెకు చెప్పి, చెప్పినందుకు తనే తల దించుకున్న మనిషి.

"మీ కోటకు పైకప్పు వెయ్యాలండీ. మా అమ్మ ఆర్డర్."

"పెంకులా, డాబానా అండీ?"

హన్నాకు నవ్వాగలేదు. "అసలు కూలిపోయిన కోట ఎందుకు వేశారు?"

"లైబ్రరీలో ఒక బొమ్మల పుస్తకం చూశానండీ. ఇంగ్లండులో, జర్మనీలో పెద్ద పెద్ద పెయింటర్లు పాడుబడ్డ కోటల్నే వెతుక్కుంటూ వెళ్లి వేసేవారట. పక్కన ఓ చెట్టు, వెనక మబ్బులు, వెన్నెల. బాగున్న కోటలో రాజుగారుంటారు, మనల్ని రానివ్వరు. కూలిన కోటలో ఎవరైనా నిలబడొచ్చు."

ఆమె తెర దగ్గరికి వెళ్లింది. వెన్నెల విదేశాలదే గానీ, రాళ్లు ఎరిగినవే.

"ఇది కొండపల్లి గోడ కదూ? కాలేజీ పిక్నిక్‌లో ఈ కిటికీలోంచే చూశాను. కింద కృష్ణ ఇంత దగ్గరగా లేదు మరి."

"ఉంటే బాగుండుననిపించిందండీ. తెచ్చి పెట్టేశాను."

ఇద్దరూ ఆ లేని నదికేసి చూస్తూ ఉండిపోయారు. బయటి వాన ఆ నీళ్లలోనే పడుతున్నట్టు వినిపించింది.

"ఫోటో ఎవరికండీ?"

"పెళ్లివారికి. రేపే పంపాలి."

జాన్‌బాబు బ్రష్షు ముంచి కోటకు పైకప్పు కట్టడం మొదలెట్టాడు. మొదటి రాయి వంకరగా వచ్చింది. తుడిచేశాడు. రెండోదీ అంతే.

"కట్టకండి" అంది హన్నా.

"మీ అమ్మగారు..."

"అమ్మకు నేను చెప్పుకుంటాను. మీరొక్కటి చెప్పండి. ఫోటో పంపనా, వద్దా?"

అతను స్టూలు దిగాడు. అంత వానలోనూ ఆ చిన్న గొంతు స్పష్టంగా వినపడింది.

"వద్దండీ."

సాయంత్రం శౌరయ్య రేడియో కట్టేసి భోజనానికి కూర్చున్నాడు. అమలమ్మ పప్పు వడ్డిస్తూ, "ఏదే ఫోటో?" అంది.

"గుడివాడకు ఏమీ పంపొద్దమ్మా. నాన్నా, ఆ కోట వేసినాయన పేరు జాన్‌బాబు. నేను ఆయన్నే చేసుకుంటాను."

శౌరయ్య చెయ్యి కంచంలో ఆగింది. కూతురి ముఖంలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"ఏ చర్చి?"

"మన గుణదల చర్చే నాన్నా."

"అడిగావన్నమాట!" అంది అమలమ్మ.

"ఆదివారం చర్చిలో పూజయ్యాక భోజనానికి రమ్మను. పెద్దవాళ్లను వెంటబెట్టుకు రావాలి" అన్నాడు శౌరయ్య.

అమలమ్మ గరిటె గిన్నెలో పెట్టింది. "చేపలు తింటాడా?" అంది.