ఆర్లిస్ టీవీకి వేసిన తాళం

ఆర్లిస్ ఆ మనిషి కోసం లిప్‌స్టిక్ వేసుకోవడం నేను కళ్ళారా చూశాను.

సాయంత్రం ఏడుకు పది నిమిషాలుంది. గాలివానకు పక్కకు తిరిగిపోయిన టీవీ డిష్‌ను సరిచేసి, ఆమె ఇంటి కప్పు దిగి వచ్చాను. ఆమె అద్దం ముందు నిలబడి ఉంది. అరవై ఆరేళ్ళ మనిషి. పెదాలకు రంగు వేసుకుంది. జుట్టు సర్దుకుంది. వెళ్ళి టీవీ ఎదురుగా కూర్చుంది.

"ఎవరైనా వస్తున్నారా?" అన్నాను.

"రాస్ టాల్మన్ వచ్చే టైమయింది. కాస్త పక్కకు జరుగు ఎల్డన్, కనపడటం లేదు."

రాస్ టాల్మన్ టీవీలో వార్తలు చెప్పే మనిషి. నీలం టై, తెల్లటి పళ్ళు. రోజూ ఏడింటికి వచ్చి, దేశం ఎవరి వల్ల పాడైపోతోందో గంటసేపు చెప్పి పోతాడు.

డిష్‌లు బిగించడం నా పని. నెబ్రాస్కా రాష్ట్రంలో మా కౌంటీ అంతా తిరుగుతాను. ఏ ఇంట్లో ఏ చానల్ చూస్తారో గుమ్మంలోనే తెలిసిపోతుంది. కాఫీ చేతికిస్తూ, "చూశావా వాళ్ళు ఏం చేస్తున్నారో" అంటారు. ఆ వాళ్ళు ఎవరన్నది మాత్రం ఇంటింటికీ మారుతుంది.

ఆర్లిస్ భర్త పోయి తొమ్మిదేళ్ళు. నా భార్య పోయి పదకొండు. ఆరేళ్ళుగా ఏదో ఒక వంకతో ఆ ఇంటికి వెళ్తున్నాను. వైరు వదులైందేమో చూస్తానంటాను. వైరు బాగానే ఉంటుంది. ఆమె రూబార్బ్ పై అని, పులుపూ తీపీ కలిసిన వంటకం చేసి పెడుతుంది. పెళ్ళి మాట అడగాలనుకుంటాను. పై తిని వచ్చేస్తాను.

ఆ రోజు పై కూడా లేదు.

"బడికి కొత్త కప్పు వేయడానికి పన్ను పెంచుతారట," అంది, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. "నేను వద్దని ఓటేస్తా."

"ఆ కప్పు కోసం పోయినేడు ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది నువ్వేగా."

"అప్పుడు నాకు తెలియదు. టీచర్లంతా వాళ్ళ మనుషులేనట. రాస్ చెప్పాడు."

"మీ మేనకోడలు కూడా టీచరేగా."

"రాస్ ఊరికే చెప్పడు, ఎల్డన్."

ఆరేళ్ళలో నా మాట ఒక్కసారీ ఇంతగా నమ్మలేదు. నేను వైరు బాగుందన్నా ఒకసారి లాగి చూస్తుంది.

మర్నాడు బజారుకు వెళ్ళి నీలం టై కొన్నాను. అది కట్టుకుని వెళ్తే ఆర్లిస్ తలుపు తీసి, "అయ్యో, టై కట్టావు, ఎవరు పోయారు?" అంది.

ఆ కోపం లోపలే ఉండిపోయింది. ఆమె వంటగదిలోకి వెళ్ళగానే రిమోట్ తీసుకున్నాను. పిల్లలు చూడకూడని చానళ్ళకు వేసే తాళం ఒకటుంటుంది. నాలుగంకెలు నొక్కితే చాలు. రాస్ టాల్మన్ చానల్‌కు అది వేశాను. తాళం వేసినవి వరసలో కనపడకుండా కూడా చేశాను. మిగతావన్నీ వస్తాయి. వాడొక్కడే రాడు.

ఒక వారం వాడు లేకుండా ఉంటే నేను కనపడతానేమో అనుకున్నాను.

ఆ సాయంత్రమే ఫోన్ చేసింది.

"రాస్‌ని ఆపేశారు ఎల్డన్."

"ఎవరు?"

"ఇంకెవరు, వాళ్ళు. అక్క చూసే చానల్ నా టీవీలో కూడా చక్కగా వస్తోంది. నాది పోయింది. ఇది దానంతటదే జరుగుతుందా?"

ఆమె అక్క వెర్నా రెండు వీధుల అవతల ఉంటుంది. ఎదుటి పార్టీ చానల్ చూస్తుంది. రాస్‌ని తీసేయమని పోయిన నెల డిష్ కంపెనీకి ఉత్తరం రాసింది. రాశానని చర్చిలో చెప్పుకుంది కూడా.

అప్పుడే చెప్పేయాల్సింది. "వచ్చి చూస్తాలే," అన్నాను. చూడటానికి వెళ్ళలేదు.

సోమవారం ఒంటిగంటకు నా వాకిట్లో వెర్నా కారు ఆగింది. దిగలేదు. ఒళ్ళో పెద్ద గిన్నె పెట్టుకుని కూర్చుంది. ముప్ఫై ఏళ్ళుగా సోమవారం మధ్యాహ్నం అక్క మాంసం, చిక్కుడు గింజలు వేసి చిల్లీ కూర వండుతుంది, చెల్లెలు రోల్స్ అనే దాల్చినచెక్క తీపి రొట్టెలు చేస్తుంది. రోల్ చిల్లీలో ముంచుకుని ఇద్దరూ కలిసి తింటారు. ఆ పూట టీవీ కట్టేయాలని ఒప్పందం.

"చిల్లీ తింటావా ఎల్డన్? నాతో తినేవాళ్ళు లేరు."

"ఆర్లిస్ ఏమంది?"

"తలుపు తీయలేదు. కిటికీలోంచి, నీ వాళ్ళకే పెట్టుకో అంది. నేను కాక దానికి ఎవరున్నారయ్యా. మా అమ్మ పోయిన రోజున కూడా ఇద్దరం కలిసే తిన్నాం."

నేను రెండు గిన్నెలు తెచ్చాను. రోల్ లేకుండా నేను నాలుగు చెంచాలు తిని ఆపేశాను. ఆమె కూడా అంతే.

మర్నాడు సాయంత్రం ఆర్లిస్ ఇంటికి వెళ్ళాను. ఈ మాట చెప్తే ఇక ఆ గుమ్మం ఎక్కనివ్వదని తెలుసు. టోపీ చేతిలో పట్టుకుని నిలబడే చెప్పాను.

"మీ అక్క ఏమీ చేయలేదు. తాళం వేసింది నేను."

"ఏం తాళం?"

"పిల్లల కోసం వేస్తారే, అది. రాస్‌కి వేశాను."

ఆమె మెల్లగా కూర్చుంది. "అయితే నువ్వూ వాళ్ళ మనిషివేనా?"

"నేను ఎవరి మనిషినీ కాదు. నువ్వు లిప్‌స్టిక్ వేసుకున్నావు."

"ఏంటి?"

"వాడి కోసం వేసుకున్నావు. ఆరేళ్ళుగా నేను వస్తున్నా, ఒక్కనాడూ వేసుకోలేదు."

ఆమె లేచి ఫోన్ తీసింది.

"అక్కా, నేను. తప్పు నీది కాదు. ఈసారికి మీ పార్టీది కూడా కాదు. ఇక్కడొక ముసలోడున్నాడు... ఆ, వాడే. వచ్చే సోమవారం దాకా ఆగొద్దు, రేపే రా. రోల్స్ చేస్తా. ఏడవకు, నాకూ వస్తుంది."

ఫోన్ పెట్టేసి, "తాళం తియ్యి," అంది.

తీశాను. టోపీ పెట్టుకుని గుమ్మం దాకా వచ్చాను.

"రాస్ నాకెందుకు నచ్చాడో అడగవా?"

ఆగాను.

"తొమ్మిదేళ్ళుగా సాయంత్రం పూట ఈ ఇంట్లో నాతో మాట్లాడేవాడు అతనొక్కడే. నిజమో అబద్ధమో తర్వాత సంగతి, నా మొహం చూసి మాట్లాడతాడు. నువ్వు పై తింటావు, ప్లేటు కడుగుతావు, పోతావు."

"నాకు మాటలు రావు ఆర్లిస్."

"ఇందాక బాగానే వచ్చాయిగా. కూర్చో. ఏదో ఒకటి చెప్పు."

ఏడయింది. టీవీలో నీలం టై వచ్చింది. నేను వాడికి వీపు పెట్టి కూర్చున్నాను.

"పొద్దున హ్యూబర్ వాళ్ళింటికి డిష్ బిగించడానికి వెళ్ళా. బిగించాల్సిన చోట గువ్వ గూడు కట్టుకుంది. రెండు గుడ్లు. పిల్లలు ఎగిరేదాకా కుదరదని చెప్పి వచ్చేశా."

"హ్యూబర్ ఊరుకున్నాడా?"

"నెల రోజులు వార్తలు లేకుండా ఎలా బతకాలన్నాడు."

"నువ్వేమన్నావు?"

"గువ్వ బతకట్లేదా అన్నాను."

ఆర్లిస్ నవ్వింది. రిమోట్ తీసుకుని, అటు చూడకుండానే సౌండ్ మొత్తం తగ్గించేసింది.

"తర్వాత?"

"తర్వాత... ఆరేళ్ళుగా ఒకటి అడుగుదామని."

"అయితే అడుగు."

అడిగాను. సరేనంది. రాస్ టాల్మన్ అక్కడే ఉన్నాడు, నోరు ఆడిస్తూ. అంతా చూశాడు.