కత్తిరించిన పద్నాలుగో బొమ్మ

ఇలా రండి, పొయ్యి దగ్గరికి జరగండి. చేతిలో పని చేతిలోనే ఉండనివ్వండి, చెవులు మాత్రం నాకివ్వండి. దానూబ్ నది ఒడ్డున మన జెమూన్ ఊళ్ళో తనాసియే అనే ప్రైవేటు డిటెక్టివ్ ఉండేవాడు. ఆయన దగ్గర స్మిల్యా అనే అమ్మాయి పనిచేసేది. ఆయన తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందనుకునేంత గురి ఆ పిల్లకి.

సెయింట్ నికోలా పండుగ వెళ్ళిన తర్వాతి ఆదివారం పొద్దున్నే నెవెనా అనే కొత్త కోడలు వాళ్ళ గది తలుపు తట్టింది. మెడలో కెమెరా, కళ్ళ నిండా భయం.

"మధ్యాహ్నం భోజనాల వేళకి ఒక ఫోటో దొరక్కపోతే మా మామయ్యా, వాళ్ళన్నయ్యా మళ్ళీ విడిపోతారండి," అంది.

"కూర్చో తల్లీ. మొదట్నించీ చెప్పు," అన్నాడు తనాసియే.

మామగారు ఒబ్రాద్, ఆయన అన్న సావా పదకొండేళ్ళుగా మాట్లాడుకోలేదు. ఒక వాలుగ చేప ఎవరి గాలానికి పడిందన్న దగ్గర మొదలైన తగువు అది. మొన్న తమ ఇలవేల్పు నికోలా పండుగ నాడు సావా పిలవకుండానే వచ్చి, బల్ల మీద వెలుగుతున్న పండుగ కొవ్వొత్తి ముందు తమ్ముణ్ణి కావలించుకున్నాడు. నెవెనా ఆ క్షణాన్ని తీసింది. ఆ సాయంత్రమే స్నానాలగదిలో రీలు కడిగి, బట్టల క్లిప్పులు పెట్టి ఆరేసింది.

"మామయ్య భూతద్దం పెట్టి చూసి మురిసిపోయారు. పెద్దది చేయించి గోడకి పెడతానని వీధంతా చెప్పారు. ఇవాళ అది చూడ్డానికే పెదమామయ్య భోజనానికి వస్తున్నారు. నిన్న ప్రింటు వేద్దామని తీస్తే పద్నాలుగోది లేదండి. ఎవరో కత్తిరించేశారు."

"మామగారు కాక ఇంట్లో ఇంకెవరు చూశారు దాన్ని?"

"అత్తయ్యకి చూపించానండి. ఆవిడ ఎప్పుడూ నెగటివ్ చూడలేదట. మొహాలు నల్లగా, జుట్టు తెల్లగా కనిపిస్తాయి, భయపడకండి, మిగతాదంతా ఆ రోజు ఉన్నట్టే అన్నాను. కిటికీ వెలుగులో చాలాసేపు చూసి, నా చేతికిచ్చి వెళ్ళిపోయారు."

తనాసియే మిగిలిన ముక్కల్ని స్మిల్యాకిచ్చి, ఏం కనిపిస్తోందని అడిగాడు.

"అటు పదమూడు, ఇటు పదిహేను. రెంటికీ గీతైనా పడకుండా నడిమి సందు వెంట కత్తిరించారు. కోపంతో కోసినట్టు లేదండి."

"మరి వీటిల్లో కొవ్వొత్తి?"

"ఎక్కడా లేదు. ఒకదానిలో చేపముళ్ళు తీస్తున్న పిల్లలు, ఒకదానిలో చెప్పుల కుప్ప."

"నాకు అలాంటివే ఇష్టమండి," అంది నెవెనా సిగ్గుపడుతూ.

వాళ్ళు ఇంటికి వెళ్ళేసరికి ఒబ్రాద్ ఎదురొచ్చాడు. "నేను గడ్డం గీసుకుంటుంటే తీస్తుంది, గుర్రుపెడుతుంటే తీస్తుంది. నా సబ్బునురగకి కూడా ఫోటో ఉందండీ ఈ ఇంట్లో. కావలసిన ఆ ఒక్కటే లేదు."

ఆయన మాట పూర్తికాకుండానే వెనక నుంచి సావా గొంతు వినిపించింది. భోజనానికి ముందే వచ్చేశాడు. "ఎలా ఉంటుంది? నా మొహం నీ గోడమీద ఉండటం ఇష్టంలేక నువ్వే కోసి ఉంటావు. ఆనాటి చేప సంగతీ ఇంతే."

"చూశారా, అప్పుడే చేప."

"చేప నాదే."

నెవెనా ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది. అంతలో అత్తగారు దారింకా చర్చి నుంచి వచ్చి, శాలువా విప్పుతూ ఆగిపోయింది.

"రోజూ వెళ్తారామ్మా చర్చికి?" అడిగాడు తనాసియే.

"ఆదివారాలే వెళ్ళేదాన్ని. ఈ వారం రోజూ వెళ్తున్నాను."

"వెళ్ళి ఏం వెలిగిస్తారు?"

"కొవ్వొత్తులు. చర్చిలో పొయ్యి వెలిగిస్తారా ఎవరైనా?"

"బావగారు తమ్ముణ్ణి కావలించుకున్నప్పుడు మీరెక్కడున్నారు?"

"వంటింట్లో. చేప మాడిపోతుంటే కావిలింతలు చూస్తూ నిలబడతానా?"

తనాసియే నవ్వి స్మిల్యా వైపు చూశాడు. స్మిల్యా చూపు అప్పటికే గోడ మీదున్న సెయింట్ నికోలా పటం కిందికి పోయింది. పటానికి తగిలించిన ఎండు తులసి ఆకులు నాలుగైదు నేల మీద రాలి ఉన్నాయి. ఊడ్చిన నేల మీద చెత్తంటే అవే.

"పదండి, అందరం స్నానాలగదిలోకి," అన్నాడు తనాసియే.

"భోజనానికి పిలిచి స్నానం చేయిస్తారా?" అన్నాడు సావా.

కిటికీకి దుప్పటి కట్టారు. ఎర్రదీపం వెలిగించారు. తొట్టి మీద పలక, పలక మీద మందునీళ్ళ పళ్ళాలు, పక్కన బొమ్మను పెద్దది చేసే యంత్రం. ఆరుగురు ఇరుక్కుని నిలబడ్డారు. సావా మోచెయ్యి ఒబ్రాద్ డొక్కలో గుచ్చుకుంటోంది.

"పండుగ కొవ్వొత్తిని సాయంత్రం ఇంటి యజమానే ద్రాక్షసారాతో ఆర్పాలి. నడుమ ఆరితే ఇంటికి కీడంటారు," అని మొదలుపెట్టాడు తనాసియే. "దాన్ని మీరే ఆర్పారు కదా ఒబ్రాద్‌గారూ?"

"ఆహా. సాయంత్రం దాకా వెలిగింది."

"కాని ఒకరు నెగటివ్‌లో ఇంకోలా చూశారు. కోసినవాళ్ళకి ఆ బొమ్మ మీద కోపం లేదు, పక్క బొమ్మలకి గీతైనా పడనివ్వలేదు. పారేయడానికీ చేతులు రాలేదు, అందులో అన్నదమ్ములున్నారు. అందుకే దేవుడి వెనక దాచారు. పటం కదిలించినప్పుడు తులసి రాలింది. ఆ తర్వాత చర్చికి రోజూ వెళ్ళి కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. అవునా దారింకమ్మా?"

ఆవిడ శాలువా దగ్గరికి లాక్కుంది. "ఒత్తి కొసన నల్లగా ఉంది. బావగారు చెయ్యెత్తగానే ఆరిపోయింది, నేను రాకముందే ఎవరో గుట్టుగా మళ్ళీ వెలిగించారనుకున్నాను. అది గోడకి పెడితే ఈయన రోజూ చూసి, అన్న రాగానే దీపం ఆరిందంటాడు. ఈయన సంగతి నాకు తెలీదా? పిల్లి ఎదురొస్తే ఇంటికొచ్చి మళ్ళీ బయల్దేరే మనిషి."

"తీసుకురండి," అన్నాడు తనాసియే మెత్తగా.

తలుపు సందులోంచి వెళ్ళి, ఆవిడ ఆ చిన్న ముక్క తెచ్చింది. నెవెనా దాన్ని యంత్రంలో పెట్టి కాగితం మీదికి వెలుగు పట్టి, ఆ కాగితాన్ని పళ్ళెంలో ముంచి మెల్లగా ఊపింది. ముందు నల్లజుట్లు వచ్చాయి, తర్వాత ఒకరి భుజం మీద ఒకరి గడ్డం. మధ్యలో కొవ్వొత్తి. దాని కొసన మాత్రం కాగితం తెల్లగానే ఉండిపోయింది, గోరంత వెలుగు.

"నెగటివ్‌లో నల్లన అంటే అసలు తెల్లన," అన్నాడు తనాసియే. "మొహాల సంగతి కోడలు చెప్పింది, మంట సంగతి ఎవరూ చెప్పలేదు. ఆరిపోయిన దీపం కాదమ్మా మీరు దాచింది, అన్నిటికంటే ఎక్కువ వెలుగున్న చోటు."

దారింకా పళ్ళెం మీదికి వంగి, అందులో కన్నీళ్ళు పడకుండా శాలువా కొస అడ్డం పెట్టుకుంది. "ఎంత మొద్దునమ్మా నేను," అని నెవెనాని దగ్గరికి లాక్కుంది. "నీ మీదికి నింద వస్తుంటే నోరు మూసుకున్నాను."

"మరదలా, మా ఇద్దరికోసం వారం రోజులు చర్చికి నడిచావా?" అన్నాడు సావా. తమ్ముడి కోసం చెయ్యి చాపబోయాడు గాని ఆ ఇరుకులో చాపడానికి చోటెక్కడిది? ఒబ్రాదే అన్నయ్య ఛాతీకి తల ఆనించేశాడు.

"ఇప్పుడైనా ఒప్పుకో. చేప..."

"సగం నీది," అన్నాడు సావా.

పదకొండేళ్ళలో ఎవరూ వినని మాట అది. ముందు స్మిల్యా నవ్వింది, ఆ తర్వాత ఎవరి నవ్వు ఎవరిదో తెలియలేదు. నెవెనా చేతులు తడిగా ఉండటంతో కెమెరా అందుకోలేకపోయింది. ఆ నవ్వు ఏ రీలులోనూ లేదు.

అందుకే మీకు చెబుతున్నాను. ఇది గుర్తుపెట్టుకోండి, మీ పిల్లలకీ చెప్పండి. చెప్పేటప్పుడు ఆ ఎర్రదీపం గదిలో ఆరుగుర్నీ నిలబెట్టండి, ఒక్కర్ని కూడా బయట వదిలేయకండి.