మంద పాలు

పెళ్ళయి మూడో వారం. ప్రసూనకు ఇంకా అన్నీ ముచ్చటగానే ఉన్నాయి. చాట పట్టినప్పుడల్లా మట్టిగాజులు గలగలమనడం, పెరట్లో తన చీర పక్కనే దివాకర్ లుంగీ గాలికి ఎగరడం, పొద్దున్నే వసారాలో కూర్చుని ఉగ్గాని తింటుంటే అతను తన మిరపకాయ బజ్జీని ఎవరూ చూడకుండా ఆమె పళ్ళెంలోకి తోసేయడం. కుందుర్పి దగ్గరి ఆ పల్లెలో సరైన వాన పడి చాలా కాలమైంది. అనంతపురం టౌనులో పెరిగిన ప్రసూనకు మాత్రం ఆ ఎర్రదుమ్ము కూడా పసుపుకుంకాల్లా కనిపించేది.

"ఇంతకీ ఆఫీసులో మీరు చేసే పనేమిటండీ? జబ్బుల మీద గవర్నమెంటు ఉద్యోగమని మా నాయనకు చెప్పినా. డాక్టరా అన్నాడు. కాదంటే, మరి కాంపౌండరా అన్నాడు!"

దివాకర్ పగలబడి నవ్వాడు. చాటలో ఒలిచిన వేరుశనగ గింజలు కొన్ని తీసి చాప మీద వరుసగా పేర్చాడు.

"చూడు. ఇది క్షయ. ఇది డెంగీ. ఇది మలేరియా. అంటురోగాల మీద పరిశోధన చేస్తామని దేశమంతా గ్రాంట్లు అడుగుతారు. ఉన్న నిధులు అందరికీ చాలవు. అందుకే ఏ రోగానికి పెద్దపీట వేయాలో మా శాఖ ముందే తేల్చాల. ఎంతమందికి వస్తాంది, ఎంతమంది పోతాండారు, మందు ఉందా, రేపు ఊరూరా పాకుతుందా, వీటన్నిటికీ మార్కులుంటాయి. ఆ మార్కులు వేసి నిపుణుల కమిటీ ముందర పెట్టేది నేనే."

ప్రసూనకు అతని మీద గర్వం పొంగుకొచ్చింది. చాప అంచున ఒక గింజ విడిగా ఉంది.

"మరి పాపం ఇది?"

"గొర్రెలు, మేకల నుంచి మనుషులకొచ్చే జ్వరం. బ్రూసెల్లోసిస్ అంటారు. ఇన్ని మందలున్న మన జిల్లా నుంచే ఒక్క కేసూ రాలేదు. కేసుల్లేకపోతే మార్కుల్లేవు. పోయిన నెల మీటింగులో పక్కన పెట్టేసినాం." ఆ గింజను ఎగరేసి నోట్లో వేసుకున్నాడు.

ప్రసూన గలగలా నవ్వింది.

వాకిట్లో గొర్రెల దొడ్డి ఊడుస్తున్న ఉమాదేవి చీపురు ఆపి వాళ్ళ వైపు చూసింది. దివాకర్ అన్న జయరాముడి భార్య ఆమె. పొద్దుటి చల్లదనంలో కూడా ఆమె రవిక చెమటతో తడిసిపోయి ఉంది. మోకాలికి పాత చీరపేలిక చుట్టుకుంది.

"ఏమే, బొమ్మ మాదిరి నిలబడినావు?" లోపలి నుంచి అత్తగారు హనుమంతమ్మ కేకేసింది. "దొడ్డి పని చూసుకో. గడప తొక్కబాకు. ఈ పొద్దు చిన్నకోడలికి కొంగులో ఒడిబియ్యం పోస్తాం. మూడు కడుపులు పోగొట్టుకున్న చెయ్యి నీది. దాని గాలి గూడా తగలకూడదు."

"అట్ల అనకండి అత్తా," అంది ప్రసూన, నవ్వు ఇంకా పెదాల మీదనుంచి పూర్తిగా పోకుండానే.

"నీకు తెలీదులేమ్మా. ఒడిబియ్యం కాంగానే అది బస్సెక్కుతాది. తాడిపత్రిలో వాళ్ళ నాయనింటికి. మళ్ళీ రాదు. జయరాముడికి కదిరి తట్టు పిల్లను మాట్లాడినాం."

మంచం మీద కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్న జయరాముడు భార్య వైపు తల కూడా తిప్పలేదు. "ఉన్నన్నాళ్ళు కూడు పెట్టినాం గదా," అన్నాడు.

ఉమాదేవి మళ్ళీ ఊడవసాగింది. గోడ వారన ఆమె సంచి అప్పటికే సర్ది ఉంది.

ఆ ఇంట్లో ఒక ఆచారముంది. ఒడిబియ్యం పోయించుకునే కోడలు ముందుగా దొడ్డి దగ్గరికి వెళ్ళి, కొత్తగా ఈనిన మేక పాలను పొదుగు వేడి ఆరకముందే, కాచకుండా తాగాలి. మంద పెరిగినట్టు ఆ కోడలి కడుపు పండాలని. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరారు. జయరాముడు పాలు పితికాడు. గిన్నె నిండా తెల్లటి నురగ. నురగ మీసంతో దివాకర్‌ను ఎలా ఏడిపించాలా అనుకుంటూ ప్రసూన గిన్నెను పెదాల దాకా తెచ్చింది.

ఉమాదేవి చెయ్యి గిన్నెను కొట్టింది. పాలు ఎర్రమట్టిలో ఇంకిపోయాయి.

హనుమంతమ్మ వచ్చి ఉమాదేవి జుట్టు పట్టుకుంది.

"ఓర్వలేకపోతివి గదే! నీ కడుపు ఎండిపోయిందని దాని కడుపు గూడా ఎండాలనా?"

జయరాముడు లేచి వచ్చి చెంప మీద కొట్టాడు. చేరినవాళ్ళలో ఒకావిడ "తగిన శాస్తే" అంది. ఉమాదేవి చెంప తడుముకోలేదు.

"కొట్టు. పోతాపోతా ఇంకొకటి తింటే ఏమయితాది? ఆ పాలు మాత్రం ఈ పాప తాగకూడదు. పోయిన కార్తీకంలో గొర్రెలన్నీ నెలలు నిండకుండానే పిల్లల్ని పడేస్తాంటే పశువుల డాక్టరు వచ్చి రక్తం తీసుకోని పోలేదా? ఇది మనుషులకూ అంటుతాది, పచ్చిపాలు తాగొద్దండి, ఈనే గొర్రెకు ఉత్తచేతుల్తో పురుడు పోయొద్దండి, ఆడోళ్ళకు జ్వరాలొస్తే, కడుపులు పోతే పెద్దాసుపత్రిలో చూపించండని మరీమరీ చెప్పలేదా? ఆ తర్వాత గూడా ఆ పురుళ్ళన్నీ ఎవరితో పోయించినారు?"

"నోరు మూయ్!" జయరాముడు అరిచాడు. "మందకు రోగముందని బయట తెలిస్తే సంతలో ఒక్క గొర్రెనన్నా కొంటారా?"

మాట జారాక గానీ తానేం ఒప్పుకున్నాడో అతనికి తెలియలేదు. "తగిన శాస్తే" అన్న ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఇంట్లోనూ మంద ఉంది.

"ఆశా కార్యకర్త ఇంటింటికీ వచ్చి అడిగిందే, జ్వరాలున్నాయా, కడుపులు పోయినాయా అని. ఏమని చెప్పినావత్తా?" ఉమాదేవి గొంతు పెంచలేదు. "లోపల నేను కాలిపోతా పడుకోనుంటే, మా ఇంట్లో ఏం లేవంటివి. ఊర్లో మందలున్నోళ్ళందరితో అదే చెప్పించినాడు నీ పెద్దకొడుకు."

"నేను సొంతంగా చెప్పినానా?" హనుమంతమ్మ ఎగిరిపడింది. "దివాకరుకు ఫోన్ చేసి అడిగినా. ఏమీ లేవని చెప్పమనింది వాడే!"

ప్రసూన చేతి గాజులు మొదటిసారి చప్పుడు చేయడం మానేశాయి. దివాకర్ వసారా స్తంభానికి ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు.

"ఏమండీ? నిజమేనా?"

"అప్పుడు... మన సంబంధం మాట్లాడతాండారు ప్రసూనా. ఇంట్లో ఇట్లాంటి రోగముందని తెలిస్తే మీ వాళ్ళు ఒప్పుకునేవాళ్ళా?"

ఆరేసిన చీర, బజ్జీ ముక్క, చాప మీద గింజలు, ఈ మూడు వారాల్లో ఆమె మురిసిపోయిన ప్రతి ముచ్చటా ఒక్కొక్కటిగా గుర్తొచ్చింది. వాటన్నిటి ఖరీదు ఉమాదేవి కట్టిందన్నమాట.

"అక్కకు ఇదే రోగమని మీకు తెలుసా?"

"అనుమానమే. పరీక్ష చేస్తే గదా తెలిసేది. కమిటీ ముందర అనుమానాలు పెట్టలేం. రిపోర్టయిన కేసులకే మార్కులు. రూలు అట్లుండాది."

"రిపోర్టు కాకుండా చేసింది మీరే గదా!"



"ఒక్క కేసూ లేదంటివే పొద్దున," ఉమాదేవి మరిదిని చూస్తూ అంది. "వింటానే ఉండా. పొద్దు గుంకితే ఒళ్ళు పెనం మాదిరి కాలేది ఎవరికప్పా? మూడోసారి గూడా పోతే, ఆ బిడ్డను గుడ్డలో చుట్టుకోని గుంత తవ్వించింది నీ చేతనే గదా. నువ్వు నోట్లో వేసుకోని నమిలింది నన్నే, దివాకరా."

ఆమె సంచి అందుకుంది. జయరాముడు అడ్డం రాలేదు, ఉండమనీ అనలేదు.

ప్రసూన ఇంట్లోకి పరుగెత్తింది. తన కోసం కలిపిన పసుపు బియ్యం, కొబ్బరిచిప్పలు, రవికగుడ్డ ఉన్న పళ్ళెం తెచ్చి ఉమాదేవి ఎదురుగా నిలబడింది.

"కొంగు పట్టక్కా. ఒడిబియ్యం ముందర నీకే."

"దానికా!" హనుమంతమ్మ పళ్ళెం లాక్కోబోయింది. "ఇంటికి చేటు! కడుపులు పోయినదానికి ఒడిబియ్యం పోసినారా యాడన్నా? జయరాముడి తర్వాత నాకు రెండు పోతే మా అత్త నన్ను ఈ దొడ్డిలోనే పండబెట్టింది. గంజి గూడా విసిరికొట్టింది. నాకెవరు పోసినారు ఒడిబియ్యం? నేను గూడా ఆ పాలే..."

మాట అక్కడే తెగిపోయింది. పళ్ళెం మీద ఉన్న ఆమె వేళ్ళు వదులయ్యాయి. ఇన్నేళ్ళుగా వయసు నొప్పులనుకుంటున్న తన మోకాళ్ళ వైపు, తడి ఆరని ఎర్రమట్టి వైపు చూసింది. మెల్లగా నేల మీద కూలబడింది. ఎవరూ లేపడానికి వెళ్ళలేదు.

ప్రసూన ఏడుస్తూ దోసిళ్ళతో బియ్యం పోసింది. ఉమాదేవి కొంగులో మూట కట్టుకుంటూ, పాలు చిందిన చోటును చూసింది.

"నాకు తాపినప్పుడు ఎవ్వరూ చెయ్యి కొట్టలేదు, పాపా."

బస్టాపులో దివాకర్ సంచి అందుకోబోతే ఆమె ఇవ్వలేదు. "తాడిపత్రికి రేపు పోతా. ముందు అనంతపురం పెద్దాసుపత్రికి."

"నేనూ వస్తా వదినా. నీ రిపోర్టుతో పాటు ఫోన్ సంగతి గూడా రాసి కమిటీకి పంపిస్తా. ఉద్యోగం పోతే పోనీ. మళ్ళీ ఆలోచించాల వాళ్ళు."

"నీ మార్కుల కోసం గాదు నేను పోయేది. ఈ జ్వరం తగ్గాలని పోతాండా. రాసుకుంటావో నమిలేస్తావో నీ ఇష్టం."

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని, ఒడిబియ్యం మూటను పక్క సీటులో పెట్టుకుంది. ప్రసూన వెనక సీటులో కూర్చుంది. దివాకర్ ఆమె పక్కన కూర్చోబోయి, ఆమె ముఖం చూసి నిలబడే ఉన్నాడు.

బస్సు కదలబోతుంటే హనుమంతమ్మ వచ్చింది. తలకు కొంగు లేదు, కాళ్ళకు చెప్పులు లేవు. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ మూలుగుతూ ఎక్కింది. పెద్దకోడలి సీటు దగ్గర ఆగి, రవిక చెయ్యి పైకి లాక్కుని, ముడతలు పడ్డ చేతిని చాపింది.

"నా రక్తం గూడా తీసుకోమని చెప్పు ఉమా. ఏం లేవని చెప్పిన నోటితోనే, ఉండాదని నేను చెప్తా."

ఉమాదేవి కిటికీ బయటికే చూస్తోంది. బస్సు కదిలింది. ముసలామె తూలి సీటు పట్టుకుంది. దొడ్డి దాటింది, ఊరు దాటింది, ఎండిన చేలు మొదలయ్యాయి. హనుమంతమ్మ కళ్ళు తుడుచుకోకుండా అలాగే నిలబడింది. జరగమని అడగలేదు.

చాలా దూరం పోయాక, ఆమె వైపు చూడకుండానే, ఉమాదేవి పక్క సీటులోని బియ్యం మూటను తీసి ఒళ్ళో పెట్టుకుంది.