డాక్టరుగారి తూకం

శనివారం ఉదయం తొమ్మిది ఇరవై. మొదటి తూటాకే రైఫిల్ పగిలిపోయింది. డాక్టర్ ద్వారకానాథ్ షూటింగ్ రేంజిలో, తన బెంచి పక్కనే ప్రాణం వదిలాడు.

అడవి దున్నల వేటకు వాడే పెద్ద రైఫిల్ అది. తూటాలు రౌస్ హిల్‌లోని తన ఇంటి గరాజ్‌లో ఆయనే స్వయంగా నింపుకునేవాడు. ఉప్మాలో ఉప్పు కూడా తూచి వేసే మనిషి!

ఆ రోజు ఆయన పరీక్షిస్తున్నది కొత్త లోడ్, అంటే కొత్త పాళ్ళ తుపాకిమందు. అలాంటప్పుడు అతి తక్కువ మందుతో మొదలుపెడతారు. అంటే పేలింది అన్నిటికన్నా బలహీనమైన తూటా. అదే డిటెక్టివ్ ఉదయలక్ష్మికి మింగుడు పడలేదు.

ల్యాబ్ మిగిలిన తూటాలు విప్పింది. తూకం ఎక్కడా తప్పలేదు. మందే తప్పు. గరాజ్ బెంచి మీది డబ్బాలో, పైన లేబుల్ ఒకటి, లోపల పౌడర్ ఇంకొకటి, చాలా వేగంగా మండే రకం.

మిగిలిన పౌడర్‌ను డాక్టరే పొరపాటున వేరే డబ్బాలో ఒంపేసి ఉంటాడని బాస్ తేల్చేశాడు. ఫైలు మూసెయ్యమన్నాడు.

ఉదయలక్ష్మి మూయలేదు. తర్వాతి శుక్రవారం డాక్టరు ఇంటి తలుపు తట్టింది. భార్య జ్ఞానప్రసూన తీసింది. హాల్లో డాక్టరుతో పాటు షూటింగ్‌కు వెళ్ళే వంశీధర్ కూర్చుని ఉన్నాడు.

"వంశీధర్ అంకుల్, డబ్బాలు ఆయన ఒట్టి చేత్తో ముట్టుకునేవారా?"

"No way అమ్మా. Gloves లేకుండా గరాజ్‌లో అడుగే పెట్టడు."

"ఆంటీ, మీరు?"

"మొన్నే చెప్పాగా. ఆ వాసనే నాకు పడదు. ఆ గదిలోకి నేనెప్పుడూ వెళ్ళలా."

ఉదయలక్ష్మి కవర్లోంచి డబ్బా మూత తీసి, యూవీ టార్చి వేసింది. లోపలి అంచున వేలికొస అంత మరక పచ్చగా మెరిసింది.

"ల్యాబ్‌లో తెల్లవాళ్ళు దీన్ని ఏదో నూనె అనుకున్నారు. పాపం, వాళ్ళిళ్ళకి గడపలుండవు కదా!"

టార్చి గుమ్మం వైపు తిప్పింది. ఆ ఉదయమే పసుపు రాసిన గడప ఈ చివర నుంచి ఆ చివరదాకా అదే రంగులో వెలిగింది.

"ఆయన తూటాలు నింపిందీ శుక్రవారమే, ఆంటీ."

జ్ఞానప్రసూన తాపీగా కుర్చీలో కూర్చుంది.

"మూడేళ్ళ కింద యాక్సిడెంట్‌లో మా అమ్మాయి సింధుజ పోయింది. తాగి కారు నడిపింది ఆయన. పోలీసులకి పిల్లే నడిపిందని చెప్పాడు. ఈమధ్యే ఒకరాత్రి తాగుడెక్కువై తనే వాగాడు." ఆమె కళ్ళు నిప్పులు కురిశాయి. "తన తప్పు చచ్చిన పిల్ల నెత్తిన రుద్దాడు. నా తప్పు చచ్చిన ఆయన నెత్తిన రుద్దుదామనుకున్నా. అంత తూచి వేసే మనిషి డబ్బాలు తారుమారు చేసి చచ్చాడని ఊరంతా నవ్వుకోవాలి. అంతే నాకు కావాల్సింది."

ఉదయలక్ష్మి హక్కులన్నీ చదివి వినిపించి, రికార్డర్ ఆన్ చేసింది.

"చెప్పండి ఆంటీ."

"నా సంగతి తర్వాత చెబుతా. ముందు ఇది రాసుకో. ఆ రోజు కారు సింధుజ నడపలేదు."