పూసిన చెట్టుకి దారం

"తల వంచు!"

కలినా తమ్ముడి మెడ పట్టుకుని బురదలోకి అదిమేసింది.

జ్‌య్...

తూనీగ!

చెట్ల కొమ్మల మీదుగా వచ్చింది. ఒక్క క్షణం ఆగింది. వెళ్ళిపోయింది.

నిజం తూనీగ కాదది. అరచేతిలో పట్టే డ్రోన్. దాని కడుపులో ఒకే ఒక్క తూటా. బడి పిల్లలు పెట్టుకున్న ముద్దుపేరు తూనీగ. ముద్దుపేరట!

"పోయిందా అక్కా?" బురదలోంచి రాడ్కో గొంతు.

"నోర్ముయ్!"

మూశాడు. ఎనిమిదేళ్ళు వాడికి. కలినాకి పదమూడు. ఇద్దరి చెవుల వెనకా చర్మం కింద బియ్యపు గింజంత చిప్. దాని మీద చాక్లెట్ రేకు. రేకు ఊడకుండా ప్లాస్టర్. అది ఉన్నంతసేపూ తూనీగలకి వీళ్ళు దొరకరు. ఊడిందా... అంతే సంగతులు!

"ఇక్కడే ఉండు. కదిలావో చంపుతా!"

కలినా పాక్కుంటూ గట్టెక్కి చూసింది. చీకటి. ఎవరూ లేరు. తూర్పున మాత్రం కాస్త తెలుపు.

మార్చి నెల ఇది. మార్తా అవ్వ నెల. ఆ ముసల్దానికి కోపమొస్తే మంచు, నవ్వొస్తే ఎండ. ఇవాళ ఎలా ఉంటుందో ఎవడికి తెలుసు? తెల్లారేలోగా వాగు దాటాలి. వాగు అవతల కొండ. కొండ అవతల గ్రీసు.

తిరిగొచ్చి తమ్ముడి చొక్కా పట్టుకుంది.

"పద!"

పరుగు.

బీచ్ చెట్లు. జారే ఆకులు. మళ్ళీ పరుగు.

వెనక ఉన్నది 'గూడు'. రోడోపి కొండల్లో పాత క్షయ ఆసుపత్రిని బడి చేశారు. యుద్ధం మొదలయ్యాక ఊరూరా తిరిగి, చురుకైన పిల్లల్ని ఏరి తెచ్చారు. కలినాకి ఒక విద్య ఉంది. మనిషిని కాసేపు చూస్తే చాలు, ఆ తర్వాత ఏం చేస్తాడో చెప్పేస్తుంది. ఇంతవరకూ తప్పలేదు.

రాడ్కో విద్య వేరు. కళ్ళు మూసుకుంటాడు. అంతే! చెవి వెనక చిప్ గుండా తూనీగలు వాడి మాట వింటాయి. గుంపుకి గుంపూ వింటుంది. ఆ కాసేపూ పక్కన పిడుగు పడ్డా వాడికి వినబడదు.

ఇన్నాళ్ళూ గుమ్మడికాయల్ని కాల్చాడు. బొగ్గుతో కళ్ళూ మీసాలూ గీసిన గుమ్మడికాయల్ని.

ఇవాళ మధ్యాహ్నం పరీక్ష. ఈసారి గుమ్మడికాయలుండవు. ఖైదీలుంటారు!

ఆ సంగతి తెలిసిన క్షణమే కలినా రేకులు వెతికింది. కాపలా గదిలోంచి పిస్టల్ కొట్టేసింది. తను ఏమైపోయినా పర్లేదు. తమ్ముడి చేత్తో మనిషి చావకూడదు. అదొక్కటే కావాలి తనకి.

"అక్కా, ఆకలి."

"గ్రీసులో తిందువుగాని."

"గ్రీసులో బానిత్సా ఉంటుందా?"

"ఉంటుందిరా బాబూ! నువ్వు కాళ్ళాడించు ముందు!"

"నాన్నమ్మ చేసినట్టు ఉంటుందా? జున్ను ఎక్కువేసి?"

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసి పరుగెత్తింది.

వాగు!

మంచు కరిగి పొంగుతోంది. అవతల అంతా బోడికొండ. దాక్కోడానికి పొద కూడా లేదు. ఫర్వాలేదు, ఎటెళ్ళారో ఎవరికీ తెలీదు కదా! గుర్తు వదలకుండా నడవడం వీళ్ళకి ఉగ్గుపాలతో నేర్పారు.

"చెయ్యి ఇటివ్వు."

రాడ్కో చెయ్యి పట్టుకుంది. ఏదో తేడాగా ఉంది.

మణికట్టు బోసిగా ఉంది!

"దారం ఏదిరా?"

వాడు చెయ్యి లాక్కున్నాడు.

"ఒరేయ్! దారం ఏది?"

"కట్టేశా."

"దేనికి?"

"చెట్టుకి. ఇందాక నన్ను బురదలో పడేశావే, అక్కడ. ప్లమ్ చెట్టు. తెల్లగా పూసిందక్కా! ఈ ఏడాది మొదటి పూలు! పూసిన చెట్టు కనబడ్డాక కట్టకపోతే ఏడాదంతా జబ్బు చేస్తుందని నాన్నమ్మ..."

"కొంప ముంచావు కదరా!"

ఎర్ర దారం, తెల్ల దారం కలిపి పేనిన మార్తెనిత్సా. మార్చి ఒకటిన కట్టుకుంటారు. పూసిన చెట్టో, కొంగో కనబడితే విప్పి కొమ్మకి కడతారు. దేశమంతా కడతారు. కానీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోతూ ఎవడైనా కడతాడా?

కొట్టబోయింది. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. ఆ మణికట్టుకీ దారం ఉంది! గూట్లో అన్నీ వదిలేసి వచ్చింది కానీ, పూలు చూడకుండా దాన్ని తెంపడానికి తనకీ చెయ్యి రాలేదు.

ఇప్పుడెలా?

వెంటాడేది ఎవరో కాదు. స్టామెన్ బాబాయ్. పాఠాలు చెప్పినవాడే. ఆ దారం చూశాడంటే బాణంలా వాగు దగ్గరికొస్తాడు. బోడికొండ మీద తమ్ముడితో... ఎంత దూరం పరుగెత్తగలదు?

విప్పెయ్యాలి! వాడు చూడకముందే!

"వెనక్కి పద!"

"అయ్యో, విప్పితే జబ్బు..."

"నడువ్!"

చెట్టు కనబడింది. మసక వెలుతురులో తెల్లగా, పెళ్ళికూతురిలా ఉంది. ఇంకొంచెం దూరమే...

టిక్.

కలినా బిగుసుకుపోయింది.

టిక్. తుఫ్!

పొద్దుతిరుగుడు గింజ కొరికి పొట్టు ఊసిన చప్పుడు. గూట్లో ఆ చప్పుడు తెలియని పిల్ల లేదు.

తమ్ముణ్ణి లాగి బండ వెనక కూలబడింది. పిస్టల్ తీసింది.

స్టామెన్ వచ్చాడు. ఒక్కడే. బుర్రమీసాలు, భుజాన తుపాకి. తల మీద కాపలాగా ఒక తూనీగ. జ్‌య్... జ్‌య్...

"పిచ్చుకల్లారా!" అడవికి చెప్తున్నట్టు అన్నాడు. "చలికి ముక్కులు కారుతుంటాయి మీకు. తుడుచుకోండి, ముందు తుడుచుకోండి!"

దారం చూశాడు!

కలినా బుర్ర గిర్రున తిరిగింది. ఇప్పుడేం చేస్తాడు? విప్పుతాడు. పై అధికారికి చూపించాలిగా! ముడి బిగుసుకుని ఉంటుంది. రెండు చేతులూ కావాలి.

"ఎదుటివాడి రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడే కొట్టాలి!" రోజూ పొద్దున్నే పిల్లలందరిచేతా ఎలుగెత్తి అనిపించిన పాఠం. చెప్పింది ఆయనే.

సరే బాబాయ్. నీ పాఠం నీకే!

తమ్ముడి చేతికి నెత్తురంటకూడదు. అంటితే తన చేతికే అంటనీ. వాడు చూడను కూడా చూడకూడదు.

"రాడ్కో," చెవిలో అంది. "కళ్ళు మూసుకో. నేను చెప్పేదాకా తెరవకు."

"నిజంగానా?" వాడి ముఖం వెలిగింది. "సరే అక్కా!"

మూసుకున్నాడు.

కలినా గురిపెట్టింది. స్టామెన్ తుపాకిని వీపు మీదికి తోశాడు. చేతులు దారం దగ్గరికి వెళ్ళాయి. విప్పు... విప్పు...

విప్పలేదు!

పూలగుత్తిని ఒకసారి వేలితో ముట్టుకున్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. తన మణికట్టు మీది దారాన్ని పళ్ళతో ఊడబెరికాడు. రాడ్కో కట్టిన దారం పక్కనే పెట్టి ముడి వేయడం మొదలెట్టాడు!

ఇదేంటి? ఇది తన లెక్కలో లేదే!

కాలర్‌కి ఉన్న రేడియో గరగరమంది. "స్టామెన్! ఏమన్నా దొరికిందా?"

"నా తలకాయ దొరికింది! పందులు తొక్కిన బురద తప్ప ఏం లేదిక్కడ. అందర్నీ ఉత్తరం వైపు తిప్పు. నేనూ అటే వస్తున్నా."

రేడియో ఆగింది. ముడి మీంచి చూపు తిప్పకుండానే గొంతు తగ్గించాడు.

"ఒసేయ్ కలినా... ఎక్కడో దగ్గర్లోనే నక్కి చస్తుంటావ్, నాకు తెలుసు. మలుపు దగ్గర రాళ్ళున్నాయి, అక్కడ దాటు. వాడి కాళ్ళు తడవనీకు. తడిస్తే దగ్గొస్తుంది వాడికి."

కలినా కళ్ళు మసకబారాయి.

పిస్టల్ దించేసింది. తన విద్య మొదటిసారి తప్పింది... తప్పినందుకు ఎంత హాయిగా ఉందో! బతికిపోయాం దేవుడా! ఎవరూ చావక్కర్లేదు!

జ్‌య్...

చప్పుడు మారింది.

కలినా తలెత్తింది. స్టామెన్ తల మీది తూనీగ గాల్లో మెల్లగా తిరిగింది. ఆయన వైపే తిరిగింది!

గిర్రున తమ్ముడి వైపు చూసింది.

చెవి వెనక రేకు లేదు. వాడి పిడికిట్లో నలిగి ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. తను మూసుకోమంది కదా!

ఒక్కమాటా వినలేదు వాడు. పిడుగు పడ్డా వినబడదు వాడికి!

స్టామెన్ ఇంకా ముడి వేస్తూనే ఉన్నాడు. రెండు చేతులతో.

"రాడ్కో! వద్దు...!"

ఢాం!

ప్లమ్ పూలు జలజలా రాలాయి.

రాడ్కో కళ్ళు తెరిచాడు. మెచ్చుకుంటుందేమోనని అక్క ముఖంలోకి చూశాడు.

"సరిగ్గా రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడే కొట్టానక్కా! గుమ్మడికాయ కంటే తేలికే!"